ఏం జరిగితే ఒప్పుకుంటావు?

పోయిన నెల ఆఫీసులో ఒక స్నేహితుడితో వాదన పెట్టుకున్నాను. వ్యక్తిత్వ పరీక్షల గురించి. ఏవో కొన్ని ప్రశ్నలు అడిగి, నువ్వు ఫలానా రకం మనిషివని తేల్చే పరీక్షలు ఉంటాయి కదా, అవి. అతనికి వాటి మీద నమ్మకం, నాకు లేదు. కాసేపు విని, "ఇది సైన్సు కాదు. మనిషి ఎలా ప్రవర్తించినా సరిపోయేలా రాసుకున్నారు. తప్పని తేల్చే దారే లేదు. పాపర్ ఎప్పుడో చెప్పాడు" అన్నాను. సైన్సుకీ సైన్సు కానిదానికీ తేడా ఏమిటో చెప్పిన తత్వవేత్త కార్ల్ పాపర్ పేరు ఎత్తాక ఇంక మాట్లాడేదేమీ ఉండదనుకున్నాను. అంతకుముందు చాలాసార్లు అలాగే జరిగింది.

అతను కాసేపు ఊరుకుని, "కొత్తగా చేరినవాళ్ళు ఇంటి నుంచి పనిచేస్తే పని నేర్చుకోరని నువ్వు మూడేళ్ళుగా అంటున్నావు. ఏం జరిగితే అది తప్పని ఒప్పుకుంటావు?" అని అడిగాడు.

ఇంట్లోనే ఉండి బాగా నేర్చుకున్న ఇద్దరి పేర్లు కూడా తనే చెప్పాడు. వాళ్ళు ఎక్కడున్నా నేర్చుకునే రకం అన్నాను. రోజూ ఆఫీసుకు వచ్చి కూడా ఏమీ నేర్చుకోని ఒకతని పేరు చెప్పాడు. అతనికి ఆసక్తి లేదు అన్నాను. ఆ రెండో మాట పూర్తవకముందే నాకు ముఖం వేడెక్కింది. నేర్చుకుంటే ఒక కారణం, నేర్చుకోకపోతే ఇంకో కారణం. రెండింటిలో ఏది జరిగినా నా అభిప్రాయానికి ఢోకా లేదు. వ్యక్తిత్వ పరీక్షల మీద ఏ తప్పు మోపానో, నేను చేసిందీ అదే.

ఆ రాత్రి పాపర్‌ని మళ్ళీ తెరిచాను. తర్వాత మూడు నాలుగు వారాలు ఆయనతోనే గడిచాయి. ఫాల్సిఫయబిలిటీ, అంటే తప్పని తేలే వీలున్న సిద్ధాంతమే సైన్సు అన్న ఆయన సూత్రం, చాలామంది విన్నదే. నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ సూత్రాన్ని మనం ఎదుటివాడి సిద్ధాంతం మీద గుద్దే ముద్రలాగా వాడుతున్నాం. అది ముద్ర కాదు. ఒక అభిప్రాయాన్ని పట్టుకున్న మనిషి దానితో ఎలా నడుచుకోవాలో చెప్పే నియమం. ఎవరికైనా వర్తిస్తే ముందు ఆ అభిప్రాయం ఎవరిదో వాళ్ళకే వర్తించాలి.

వియన్నా, 1919

పాపర్ ఈ ఆలోచనకి పుస్తకాల దారిలో రాలేదు. 1919లో ఆయనకి పదహారేళ్ళు. యుద్ధంలో ఓడిన వియన్నా, ఆకలి, నిరుద్యోగం. కొన్ని నెలలు కమ్యూనిస్టులతో కలిసి తిరిగాడు. ఆ జూన్‌లో, నిర్బంధంలో ఉన్న తమ సహచరుల్ని విడిపించుకోవడానికి వాళ్ళు ఊరేగింపు తీశారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఆయుధాలేమీ లేని కుర్రవాళ్ళు కొందరు చనిపోయారు.

పోలీసుల మీద ఆయనకి కోపం వచ్చింది. దానితోపాటు తన మీదా వచ్చింది. విప్లవం ఎంత తొందరగా వస్తే అంత తక్కువ మంది చస్తారని, కాబట్టి ఇప్పుడు కొన్ని ప్రాణాలు పోయినా లెక్కలో సరిపోతుందని సిద్ధాంతం చెప్పింది. తను దాన్ని నమ్మాడు. ఆ లెక్క నిజమో కాదో ఎప్పుడైనా పరీక్షించి చూశానా అని తనని తాను అడుగుకున్నాడు. చూడలేదు. నిరూపించుకోని ఒక నమ్మకం కోసం ఇతరుల ప్రాణాలు పణంగా పెట్టే హక్కు తనకి ఎవరిచ్చారని అడుగుకున్నాడు. ముసలితనంలో రాసిన ఆత్మకథలో కూడా ఈ సంఘటన దగ్గర ఆయన గొంతు మారుతుంది.

నాకు ఇది చాలా ముఖ్యమనిపిస్తుంది. ఆ ప్రశ్న మొదట, తర్వాత ఆయన విమర్శించిన మార్క్స్‌కో ఫ్రాయిడ్‌కో వేసింది కాదు. తనకి తను వేసుకున్నది.

అదే రోజుల్లో ఆయన మనస్తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ దగ్గర, పేద పిల్లల కోసం నడిపే కేంద్రాల్లో సాయం చేసేవాడు. ఒకసారి ఒక పిల్లవాడి సంగతి ఆడ్లర్‌కి చెప్పాడు. అది ఆడ్లర్ సిద్ధాంతానికి అంతగా సరిపోయేలా లేదని ఆయనకనిపించింది. ఆడ్లర్ ఆ పిల్లవాణ్ణి చూడనైనా చూడకుండా, ఆత్మన్యూనతే కారణమని ఇట్టే వివరించేశాడు. అంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నారని పాపర్ అడిగితే, నాకున్న వెయ్యి కేసుల అనుభవంతో అన్నాడు. ఇప్పుడు ఈ కేసుతో మీ అనుభవం వెయ్యిన్నొకటి అయిందన్నమాట అన్నాడు పాపర్.

నేను ఈ కథని ఇంతకుముందు ఎన్నిసార్లు చదివినా పాపర్ పక్కనే నిలబడి చదివాను. ఈసారి ఆడ్లర్ కుర్చీలో కూర్చుని చదివాను. ఆడ్లర్ మోసగాడు కాదు. నిజంగానే వందలాది పిల్లల్ని చూశాడు, వాళ్ళకి మేలు చేద్దామనుకున్నాడు. చూసిన ప్రతి పిల్లవాడూ తన సిద్ధాంతానికి సాక్ష్యంగా కనపడుతుంటే దాన్ని అనుమానించాలని ఎందుకనిపిస్తుంది? మూడేళ్ళలో నేను చూసిన ప్రతి కొత్త ఉద్యోగీ నా మాటే నిజమని చెప్పినట్టు నాకూ అనిపించింది. ఆ అనుభవం అబద్ధం కాదు. అది దేన్నీ రుజువు చేయదు, అంతే.

ఆ ఏడాదే, మే 29న సూర్యగ్రహణం. సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్ర కాంతి 1.75 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగాలని ఐన్‌స్టీన్ లెక్క. న్యూటన్ లెక్క ప్రకారం అందులో సగం. బ్రిటిష్ ఖగోళవేత్త ఎడింగ్టన్ బృందం ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపే దీవికి, మరో బృందం బ్రెజిల్‌లోని సోబ్రాల్‌కి వెళ్ళి ఫొటోలు తీశాయి. ఫలితం నవంబర్ 6న లండన్‌లో ప్రకటించారు. కుర్రవాడైన పాపర్‌ని పట్టేసింది ఐన్‌స్టీన్ గెలవడం కాదు. గురుత్వం వల్ల కాంతి వర్ణపటంలోని గీతలు ఎరుపు వైపు జరగాలి, అలా జరగడం లేదని తేలితే నా సిద్ధాంతం నిలబడదు అని ఐన్‌స్టీన్ ముందే అచ్చులో పెట్టాడు. ఎవరూ అడక్కముందే తన సిద్ధాంతం ఎక్కడ కూలుతుందో తనే చూపించాడు. పాపర్ మనసుకి తాకింది ఆ పద్ధతి.

నెప్ట్యూన్ దొరికింది, వల్కన్ దొరకలేదు

ఇక్కడిదాకా వచ్చేసరికి పాపర్ మీద ఎప్పుడూ వచ్చే అభ్యంతరం గుర్తొస్తుంది. దాన్ని తేలిగ్గా దాటిపోవడం నాకిష్టం లేదు, ఎందుకంటే అది నిజంగా బరువైన అభ్యంతరం.

యురేనస్ గ్రహం న్యూటన్ లెక్క ప్రకారం నడవలేదు. న్యూటన్ తప్పని ఎవరూ అనలేదు. కనపడని ఇంకో గ్రహం దాన్ని లాగుతుండాలన్నారు. ఫ్రాన్స్‌లో లెవెరియే అనే ఖగోళవేత్త ఆ గ్రహం ఎక్కడుండాలో లెక్క కట్టి బెర్లిన్ వేధశాలకి ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబర్ 23 రాత్రి అక్కడి ఖగోళవేత్త గాలే దూరదర్శిని తిప్పి చూస్తే, చెప్పిన చోటుకి ఒక డిగ్రీ లోపలే నెప్ట్యూన్ కనపడింది. తర్వాత బుధగ్రహమూ లెక్క తప్పింది. అదే లెవెరియే, అదే ఉపాయం. సూర్యుడికి బుధుడి కంటే దగ్గర్లో ఇంకో గ్రహం ఉండాలన్నాడు, దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. కొందరు చూశామన్నారు. దశాబ్దాలపాటు గ్రహణం వచ్చినప్పుడల్లా వెతికారు. అది లేదు. వల్కన్ ఉందన్న నమ్మకంతోనే లెవెరియే 1877లో చనిపోయాడు. నెప్ట్యూన్ దొరికిన తేదీనే, సెప్టెంబర్ 23న. బుధుడి తేడాకి అసలు కారణం 1915లో ఐన్‌స్టీన్ చెప్పాడు.

ఒకే మనిషి ఒకే రకం ఆలోచనతో ఒకసారి గెలిచాడు, ఒకసారి ఓడాడు. మరి లెక్క తప్పిన రోజున సిద్ధాంతాన్ని వదలాలా, దానికి ఊతం వెతకాలా? ఆ రోజు తెలియదు. తర్వాతే తెలుస్తుంది. 2011లో జరిగింది కూడా ఇలాంటిదే. యూరప్ భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకి సుమారు 730 కిలోమీటర్లు వెళ్ళిన న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరాయని ఒపెరా బృందం ప్రకటించింది. భౌతిక శాస్త్రవేత్తల్లో దాదాపు ఎవరూ, ఏదీ కాంతి కంటే వేగంగా వెళ్ళలేదనే సాపేక్ష సిద్ధాంతాన్ని వదులుకోలేదు. కొన్ని నెలలకి ఒక ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదని బయటపడింది. వదులుకోనివాళ్ళే కరెక్టు.

అంతెందుకు, పాపర్‌కి అంత ఇష్టమైన 1919 గ్రహణమే చూడండి. సోబ్రాల్‌లో ఒక దూరదర్శినితో తీసిన ఫొటో ప్లేట్లు న్యూటన్ విలువకి దగ్గరగా వచ్చాయి. ఎండ వేడికి అద్దం దెబ్బతిని ఫోకస్ మారిందని వాటిని పక్కన పెట్టారు. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నా నమ్మకం బాగా కదిలింది. పాఠ్యపుస్తకాలన్నీ పొగిడే ఆ పరీక్షలో కూడా, నచ్చని అంకెల్ని పక్కన పెట్టారా అని.

శాస్త్ర చరిత్రకారుడు థామస్ కూన్ లాంటివాళ్ళు ఇక్కడే పాపర్‌ని పట్టుకున్నారు. శాస్త్రవేత్త రోజూ తన సిద్ధాంతాన్ని కూలగొట్టే పనిలో ఉండడు, దాన్ని నమ్ముకుని చిక్కుముడులు విప్పుతుంటాడు అన్నారు. ఇందులో కాదనేదేముంది? మొండిగా పట్టుకునేవాళ్ళు కూడా అవసరమేనని, తొందరపడి వదిలేస్తే ఒక సిద్ధాంతంలో ఎంత సత్తా ఉందో తెలియదని పాపర్ కూడా తర్వాత రాశాడు.

అయితే ఈ ఉదాహరణల్ని వరుసగా పెట్టుకుని చూస్తే నాకు ఇంకోటి కనపడింది. నెప్ట్యూన్ అన్నది సాకే. కానీ దూరదర్శిని ఎటు తిప్పాలో చెప్పిన సాకు. అక్కడ ఏమీ లేకపోతే లెవెరియే పరువు పోయేది. వల్కన్ కూడా అంతే, అక్కడ నిజంగానే ఏమీ లేదు, అది ఓడిపోయింది. ఒపెరా బృందం తమకే అర్థంకాని ఫలితాన్ని దాచుకోకుండా, తప్పు ఎక్కడుందో చూడండని అందరి ముందూ పెట్టింది. సోబ్రాల్ ప్లేట్లని పక్కన పెట్టినవాళ్ళు ఆ అంకెల్ని చెరిపేయలేదు. ఎందుకు లెక్కలోకి తీసుకోలేదో కారణంతో సహా 1920 నివేదికలో అచ్చు వేశారు. కాబట్టే ఇవాళ మనం దాని గురించి గొడవ పడగలుగుతున్నాం. 1979లో రాయల్ గ్రీనిచ్ వేధశాలవాళ్ళు ఆ ప్లేట్లనే మళ్ళీ కొలిచారు కూడా. ఫలితం ఐన్‌స్టీన్ వైపే మొగ్గింది.

సాకు చెప్పడం తప్పు కాదు. ఆ సాకుని కూడా ఎవరైనా పరీక్షించగలిగేలా చెప్పామా లేదా అన్నదే విషయం. "అతనికి ఆసక్తి లేదు" అన్న నా సాకుని ఏ దూరదర్శినితో చూడాలి? ఆసక్తి ఉందో లేదో నేనెలా తెలుసుకున్నాను? నేర్చుకోలేదు కాబట్టి ఆసక్తి లేదు. అంతకంటే నా దగ్గర ఏమీ లేదు.

ఇది పాపర్‌కి నేను అంటగడుతున్న అర్థం కాదు. 1934లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలోనే ఉంది. ఏ సిద్ధాంతాన్నైనా అదనపు ఊహలతో, కొత్త నిర్వచనాలతో ఎప్పటికీ కాపాడుకోవచ్చని ఆయనకి తెలుసు. అందుకే వాక్యాల్ని చూసి సైన్సా కాదా అని చెప్పడం చాలదన్నాడు. వాటిని ఎలా వాడతామన్న నియమాలు కావాలన్నాడు. కొత్తగా చేర్చే ఊహ సిద్ధాంతాన్ని ఇంకా ఎక్కువ పరీక్షకి గురిచేయాలి గానీ, పరీక్షని తప్పించకూడదు. ఇది మనిషికి పెట్టిన నియమం. మనం ఆ సగం వదిలేసి ముద్ర ఒక్కటే తెచ్చుకున్నాం.

ముద్రగా వాడితే ఏమవుతుందో అమెరికాలో ఒక కోర్టు కేసులో తేలింది. బైబిల్ సృష్టివాదాన్ని జీవపరిణామంతో సమానంగా బళ్ళలో చెప్పాలన్న ఆర్కాన్సా చట్టాన్ని 1982 జనవరిలో జడ్జి కొట్టేశాడు. అది సైన్సు కాదనడానికి చూపిన కారణాల్లో, తప్పని తేలే వీలు లేదన్నది ఒకటి. తీర్పు నాకు సంతోషమే. కానీ లారీ లౌడన్ అనే తత్వవేత్త, తనూ సృష్టివాదానికి వ్యతిరేకే అయినా, ఈ కారణం తప్పన్నాడు. భూమి వయసు కొన్ని వేల ఏళ్ళే అన్నది చక్కగా పరీక్షించదగ్గ మాట, పరీక్షించారు, తప్పని ఎప్పుడో తేలింది అన్నాడు. ఆయన చెప్పింది నిజం. అయితే దాన్నుంచి నేను తీసుకునేది ఆయన తీసుకున్నది కాదు. ఆ వాక్యంలో లోపం లేదు. తప్పని తేలాక కూడా దాన్ని వదలని మనుషుల తీరులో ఉంది లోపం. వాక్యాన్ని ఎంత తిప్పి చూసినా ఆ తీరు కనపడదు.

ఆ నియమం ఆయనకి

ఇంత చెప్పి, పాపర్ తను అలా బతికాడా అని అడక్కపోతే అన్యాయం.

సగమే బతికాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆయన సెమినార్ల గురించి శిష్యులు రాసింది చదివితే బాధేస్తుంది. మాట్లాడటానికి వచ్చినవాళ్ళు మొదటి కొన్ని వాక్యాలు దాటేలోపే పట్టుకుని, ఇంక ముందుకి కదలనిచ్చేవాడు కాదట. తన మీద వచ్చిన విమర్శల్ని ద్రోహంలాగా తీసుకున్నాడు. దగ్గరి శిష్యులే దూరమయ్యారు. ఆయన "ఓపెన్ సొసైటీ అండ్ ఇట్స్ ఎనిమీస్" (స్వేచ్ఛా సమాజం, దాని శత్రువులు) పుస్తకాన్ని "ఆ సమాజపు శత్రువుల్లో ఒకరు రాసింది" అని అక్కడివాళ్ళే అనుకునేవారు. ఆయన మీద ఎంతో గౌరవం ఉన్న నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, అందులో నిజం ఉంది కాబట్టి.

మిగతా సగం కూడా చెప్పాలి. డార్విన్ సహజ ఎంపిక సిద్ధాంతం పరీక్షకి నిలిచేది కాదని, శాస్త్రానికి దారి చూపే ఒక తాత్విక చట్రమేనని పాపర్ 1970లలో రాశాడు. జీవశాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. సృష్టివాదులు ఆ మాటని సంతోషంగా పట్టుకున్నారు. 1977లో కేంబ్రిడ్జిలోని డార్విన్ కాలేజీలో ప్రసంగిస్తూ, తన అభిప్రాయం మార్చుకున్నానని, వెనక్కి తీసుకునే అవకాశం వచ్చినందుకు సంతోషంగా ఉందని చెప్పాడు. అప్పటికి ఆయనకి డెబ్భై అయిదేళ్ళు. సర్ బిరుదు, లోకమంతా పేరు. అదీ మామూలు విషయంలో కాదు, ఏది పరీక్షకి నిలుస్తుంది, ఏది నిలవదు అన్న, జీవితమంతా తనదిగా చెప్పుకున్న విషయంలోనే. ఆ వయసులో అలా చెప్పగలనని నేనైతే మాటివ్వలేను.

ఒకే మనిషి సెమినార్‌లో అలా, కేంబ్రిడ్జిలో ఇలా ఎందుకున్నాడు? దీని గురించి చాలా ఆలోచించాను. ఆయన చెప్పినదాంట్లోనే జవాబు ఉందనిపిస్తుంది, కానీ అది నేను మొదట అనుకున్నదానికి అడ్డం వస్తోంది.

యుద్ధకాలంలో న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఉండగా రాసిన ఓపెన్ సొసైటీలో ఒకచోట, నిర్జన దీవిలో ఒంటరిగా ఉన్న రాబిన్సన్ క్రూసో ప్రయోగశాల కట్టుకుని, గొప్ప ఫలితాలు రాసుకున్నాడనుకోండి అంటాడు. అవి మనవాళ్ళు కనుక్కున్నవాటితో సరిగ్గా సరిపోయినా సరే, అది సైన్సు కాదంటాడు. ఎందుకంటే అతని తప్పులు పట్టేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. శాస్త్రంలో నిష్పాక్షికత ఒక్కొక్క శాస్త్రవేత్త నిష్పాక్షికంగా ఉండటం వల్ల రాదు. స్నేహంగానూ శత్రుత్వంగానూ ఒకరినొకరు పట్టిచూసే చాలామంది వల్ల వస్తుంది.

అంటే, ఆ ప్రశ్న నాకు నేను వేసుకోవాలన్న నా మాట సరిపోదన్నమాట. నిజమే. మూడేళ్ళలో నేను దాన్ని ఒక్కసారీ వేసుకోలేదు. వేసుకున్నా అనుకూలమైన జవాబే చెప్పుకునేవాణ్ణి. స్నేహితుడు అడిగితే గానీ తెలియలేదు. పాపర్‌కీ సెమినార్ గదిలో తెలియలేదు, బయటి జీవశాస్త్రవేత్తలు పట్టుకుంటే తెలిసింది. యవ్వనంలో రెండేళ్ళు ఆయన పోష్ అనే వడ్రంగి దగ్గర పని నేర్చుకున్నాడు. నన్ను ఏదైనా అడుగు, నాకన్నీ తెలుసు అనేవాడట ఆ పెద్దాయన. జ్ఞానం గురించి తను ఎక్కువ నేర్చుకున్నది ఆయన దగ్గరేనని పాపర్ రాశాడు. అన్నీ తెలిసిన పోష్‌కి తన సంగతి తెలియలేదు, పక్కన రంపం పట్టుకున్న కుర్రవాడికి తెలిసింది.

కాబట్టి నా మాటని కొంచెం మార్చుకుంటున్నాను. నా తప్పు నేనే పట్టుకోవాలన్నది నా పని కాకపోవచ్చు, అది నా చేత అయ్యేదీ కాకపోవచ్చు. ఎదుటివాడు పట్టుకోవడానికి వీలుగా నా మాట చెప్పడం మాత్రం నా పనే. ఏం జరిగితే ఓడిపోయినట్టో ముందే చెప్పడం, అదీ తర్వాత జారిపోవడానికి వీల్లేని మాటల్లో చెప్పడం. అది ఇంకెవరూ నా బదులు చేయలేరు.

మొన్న ఆదివారం కూర్చుని నా స్నేహితుడికి ఒక మెయిల్ రాశాను. అయిదారు లైన్లే, కానీ సాయంత్రమంతా పట్టింది. వచ్చే బ్యాచ్‌లో సగం మంది ఇంటి నుంచి, సగం మంది ఆఫీసు నుంచి పనిచేస్తారు. ఎవరు ఎక్కడన్నది చీటీలు తీసి తేలుద్దాం. ఆరు నెలల తర్వాత ఒక్కొక్కరూ ఎవరి సాయం లేకుండా ఎన్ని పనులు పూర్తి చేశారో చూద్దాం. రెండు గుంపుల మధ్య తేడా లేకపోయినా, ఇంటివాళ్ళే ముందున్నా, నేను తప్పని అందరి ముందూ చెప్తాను. తెలివి, ఆసక్తి అన్న మాటలు అప్పుడు ఎత్తను.

పంపించాక చాలాసేపు టెన్షన్‌గా అనిపించింది. ఇన్నాళ్ళూ అంత గట్టిగా చెప్పిన మాట ఆరు నెలల్లో పోవచ్చని మొదటిసారి తెలిసినట్టయింది.

అరగంటకి జవాబు వచ్చింది. "సాయం లేకుండా చేశారో లేదో ఎవరు చెప్తారు? నువ్వేనా?"

నేను మెయిల్ రాస్తున్నంతసేపూ చెప్పేది నేనేనని అనుకున్నాను, అది రాయాలని కూడా తోచలేదు. ఇప్పుడు వేరే టీమ్‌లో ఉన్న ఒకావిడని అడిగాం. ఎవరు ఇంటి నుంచి, ఎవరు ఆఫీసు నుంచి పనిచేస్తున్నారో ఆవిడకి చెప్పకుండా పనులు చూపిస్తాం. ఆవిడ ఒప్పుకుంది. బ్యాచ్ వచ్చే నెల చేరుతుంది.